నలుపుకీ తెలుపుకీ నడుమ



మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ చూసినా తహసీల్దారు ఆఫీసు దగ్గరో, బస్టాండు ఎదుటో, కాలేజీ గేటు పక్కనో ఒక జిరాక్సు షాపు కనిపిస్తుంది. ఆధార్ కాపీ, పరీక్ష హాల్ టికెట్, బ్యాంకు దరఖాస్తు, పింఛను కాగితాలు, పెద్దకర్మ కార్డు, అన్నీ అక్కడే తయారవుతాయి. వీటిలో అక్షరాలు దాదాపు ఎప్పుడూ బాగానే పడతాయి. చెడిపోయేది ఫోటో. కళ్ళు నీడలో కలిసిపోతాయి. ముక్కు గీత చెరిగిపోతుంది. బుగ్గ, మెడ, జుట్టు అన్నీ ఒకే నలుపైపోతాయి. "నలుపు తెలుపులో ఇంతేనండీ, ఇంతకన్నా రాదు" అని షాపులో చెప్తారు. మనమూ తలూపి తీసుకొచ్చేస్తాం.

ఇంతకన్నా బాగా వస్తుంది. చాలాసార్లు అదే యంత్రం మీద, అదే కాగితం మీద వస్తుంది. ఫోటో ఎందుకు చెడుతోందో తెలిస్తే ఎక్కడ సరిచేయాలో కూడా తెలుస్తుంది. ఆ సంగతులే ఈ రోజు మీతో చెప్పుకోబోతున్నాను.

ముందుగా అసలు విషయం. మనం వాడే మామూలు లేజర్ ప్రింటర్లో బూడిద రంగు లేదు. ఉన్నది నల్ల టోనర్ ఒక్కటే. యంత్రం లోపల విద్యుత్తు నింపుకున్న ఒక డ్రమ్ము తిరుగుతుంటుంది. దాని మీద లేజర్ కిరణం చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎక్కడ చుక్క పెట్టాలో అక్కడ టోనర్ పొడి అంటుకుంటుంది, మిగతా చోట అంటుకోదు. ఆ పొడి కాగితం మీదికి దిగి, వేడికి కరిగి గట్టిపడుతుంది. కొన్ని కొత్త యంత్రాలు చుక్క పరిమాణాన్ని కాస్త పెంచి తగ్గించగలవు. అయినా మూలసూత్రం ఒకటే: ఉంటే నలుపు, లేకపోతే కాగితం తెలుపు. ఈ రెండింటి మధ్య మూడోది లేదు.

మరి ఫోటోలో బూడిద ఛాయలు ఎలా కనిపిస్తున్నాయి? మీ దగ్గర దినపత్రిక ఉంటే, లోపలి పేజీల్లో నలుపు తెలుపు ఫోటో ఒకటి వెతికి కంటికి దగ్గరగా పెట్టుకోండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. అంతా చుక్కలే. లేత చోట చిన్న చుక్కలు, వాటి చుట్టూ బోలెడంత తెలుపు. ముదురు చోట పెద్ద చుక్కలు, ఒకదానికొకటి తగులుకొని. కాస్త దూరం జరిపితే చుక్కలు మాయమై బొమ్మ కనిపిస్తుంది. నలుపునూ తెలుపునూ కలిపి బూడిదగా చూసేది మన కన్నే. ప్రింటర్ చేసేదల్లా ఎంత నలుపు, ఎంత తెలుపు అన్న పాళ్ళు సరిగ్గా అందించడం. ఛాయలన్నీ ఆ పాళ్ళలోనే ఉన్నాయి.

ఈ కిటుకు కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1852లోనే ఫోటోకూ లోహపు ప్లేటుకూ మధ్య పలుచటి బట్టను అడ్డంపెట్టి, ఛాయలను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1880 మార్చి 4న న్యూయార్కులో డైలీ గ్రాఫిక్ అనే పత్రిక, పేదల గుడిసెల ఫోటోను ఇలాంటి పద్ధతిలోనే అచ్చువేసింది. ఆ తరువాత గళ్ళు చెక్కిన గాజు తెరలు వచ్చాయి. ఛాయలను చుక్కలుగా విడగొట్టే ఈ పద్ధతినే హాఫ్‌టోన్ అంటాం. మన పాత ప్రెస్సుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట బాగా తెలుసు. గీతల బొమ్మకు లైన్ బ్లాకు, ఫోటోకు హాఫ్‌టోన్ బ్లాకు.

ఇందులో మన దేశం వాటా చిన్నదేమీ కాదు. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి, అంటే సత్యజిత్ రాయ్ తాతగారు, తెర వెనక చుక్క ఎలా పుడుతుందో, తెరకూ ప్లేటుకూ ఎంత ఎడం ఉండాలో గణితంతో తేల్చారు. తెర గీతలు 60 డిగ్రీల కోణంలో కలుసుకుంటే ఏం జరుగుతుందో కూడా పరిశోధించారు. లండన్‌లో వెలువడిన పెన్రోజ్ వార్షిక సంచికల్లో 1897 నుంచి వ్యాసాలు రాశారు. పిల్లల పుస్తకాల్లో తాను వేసిన బొమ్మలు అచ్చులో పాడైపోతున్నాయన్న బాధే ఆయన్ని ఈ పనికి పురికొల్పింది. బొమ్మ మీద ప్రేమ ఉన్న మనిషి చుక్క దగ్గరికి వెళ్ళక తప్పదు.

ఇక రిజల్యూషన్ సంగతి. ప్రింటర్ పెట్టె మీద 600 డీపీఐ, 1200 డీపీఐ అని రాసి ఉంటుంది. 600 డీపీఐ అంటే అంగుళం పొడవులో 600 చుక్కలు పెట్టగలదని. ఒక్కో చుక్క వెడల్పు మిల్లీమీటరులో 4 శాతం. చాలా సన్నటిది. అక్షరానికైతే ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫోటోకు సరిపోతుందా? ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి.

బూడిద ఛాయ చూపించాలంటే ఒక్క చుక్క చాలదు, చుక్కల గుంపు కావాలి. అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలున్న ఒక గడి తీసుకుందాం. అందులో మొత్తం 64 చోట్లు. ఏమీ నింపకపోతే తెలుపు, అన్నీ నింపితే నలుపు, సగం నింపితే నడిమి బూడిద. అలా మొత్తం 65 ఛాయలు వస్తాయి. బాగానే ఉంది. కానీ 8 చుక్కలు కలిసి ఒక గడి అయినప్పుడు అంగుళానికి 600 చుక్కలు కాస్తా 75 గడులవుతాయి. అంటే ఫోటో విషయంలో మీ 600 ప్రింటర్, ఇందాకటి గాజు తెరల లెక్కలో, నిజానికి 75 గీతల స్క్రీను. ఒకప్పటి దినపత్రిక బ్లాకు స్థాయి అన్నమాట.

గడిని చిన్నది చేద్దామంటారా? అడ్డం 4, నిలువు 4 పెట్టండి. అంగుళానికి 150 గడులొస్తాయి, బొమ్మ సన్నగా, నాజూగ్గా కనిపిస్తుంది. కానీ ఛాయలు 17కు పడిపోతాయి. ఆకాశం మెల్లగా ముదరాల్సిన చోట మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. పోనీ గడిని పెద్దది చేసి 16కు 16 పెడదామంటే 257 ఛాయలు దొరుకుతాయి, కానీ అంగుళానికి 37 గడులే మిగులుతాయి. చుక్కలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సన్నదనం కావాలంటే ఛాయలు వదులుకోవాలి, ఛాయలు కావాలంటే సన్నదనం వదులుకోవాలి. ప్రతి ప్రింటర్ లోపలా ఈ బేరం నడుస్తూనే ఉంటుంది. 2400 చుక్కల యంత్రానికి మాత్రం 257 ఛాయలూ 150 గడులూ రెండూ దక్కుతాయి. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేటు తయారుచేసే యంత్రానికి అంత రిజల్యూషన్ పెట్టేది అందుకే.

1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ మొదటి లేజర్‌జెట్ తెచ్చినప్పుడు దాని సామర్థ్యం అంగుళానికి 300 చుక్కలు. 60 గీతల స్క్రీనుతో దాని మీద ఫోటో తీస్తే దక్కేది 26 ఛాయలు. 1992లో అదే సంస్థ 600 చుక్కల లేజర్ తెచ్చింది. అప్పటి నుంచి ఆఫీసు లేజర్లలో 600 అన్నది మామూలు అంకె అయిపోయింది. కొన్ని పెట్టెల మీద కనిపించే 1200 నిజంగా చుక్కల లెక్క కాదు. చూపుకు అంత నాణ్యంగా ఉంటుందని కంపెనీ ఇచ్చిన అంకె. కొనేటప్పుడు ఆ తేడా అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు దీన్ని మన పాస్‌పోర్టు సైజు ఫోటోకు అన్వయించి చూడండి. ఫోటో వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45. 600 డీపీఐ దగ్గర అడ్డంగా 827 చుక్కలు. వాటిని ఎనిమిదేసి చొప్పున గుంపులు కడితే 103 గడులు. నిలువునా 133. మనిషి ముఖమంతా, జుట్టుతో, చొక్కా కాలరుతో సహా ఆ 103కు 133 గడుల్లోనే ఇమడాలి. కంటికి అడ్డంగా దక్కేవి పది పన్నెండు గడులు. హాల్ టికెట్ మీద, ఓటర్ల జాబితాలో ఫోటో ఇంకా చిన్నది. అక్కడ ఒక కంటికి ఐదారు గడులు దక్కితే గొప్ప. అంత తక్కువ స్థలంలో ఒక్క గడి తప్పుగా నల్లబడినా చూపు మారిపోతుంది.

ఆ చుక్కలను ఎక్కడ, ఏ వరసలో వేయాలన్నదే డిథరింగ్. ఇందులో మూడు దారులు చెప్పుకోవాలి.

మొదటిది అసలు డిథరింగే కాదు, గీత గీసి తెంచేయడం. సగం కన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు. అక్షరాలకు ఇది చాలు. జిరాక్సు మిషన్‌లో టెక్స్ట్ అన్న మీట చేసేది ఇంచుమించు ఇదే. ఫోటోకు ఇదే పెడితే ముఖం సగం నలుపు, సగం తెలుపు. చేతిరాతకు కూడా ఇది అన్నిసార్లూ మంచిది కాదు. మదనపల్లె వాళ్ళకు ప్రాణప్రదమైన ఒక కాగితం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనకు ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు కట్టడంలో తోడ్పడ్డారు. ఆ చేతిరాత నకలు చాలాచోట్ల అచ్చయింది. టెక్స్ట్ మీట నొక్కి దాన్ని కాపీ తీస్తే అక్షరాలు వస్తాయి. కలం ఒత్తిన చోట ముదురు, తేల్చిన చోట లేత, కాగితం వయసు చెప్పే మసక, ఇవన్నీ పోతాయి. మిగిలేది రాసిన మాటలు. రాసిన చెయ్యి మిగలదు. అలాంటి కాగితాన్ని ఎప్పుడూ ఫోటోగానే తీయాలి.

రెండో దారి, ముందే వేసిపెట్టుకున్న వరస ప్రకారం గడులు నింపడం. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1973లో ఇలాంటి పట్టిక ఒకటి ఇచ్చాడు. చుక్కలు ఒకదానికొకటి వీలైనంత ఎడంగా పడేలా అందులో వరస ఉంటుంది. వేగంగా జరుగుతుంది, కానీ బొమ్మ మీద నేతలాంటి గళ్ళు కనిపిస్తాయి. దీనికి భిన్నంగా గడి నడిమధ్య నుంచి మొదలుపెట్టి చుక్కను గుండ్రంగా పెంచుకుంటూ పోయే పట్టికలూ ఉన్నాయి. పాత హాఫ్‌టోన్ బ్లాకును కంప్యూటర్‌తో మళ్ళీ తయారుచేయడం అది.

మూడో దారి 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టెయిన్‌బర్గ్ చెప్పినది. ఇది ఎలా పనిచేస్తుందంటే, బస్సులో కండక్టరు దగ్గర చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిస్తాడు కదా, మనం దిగేలోపు సర్దేస్తాడు. అలాగే ఇక్కడ ఒక చోట 40 శాతం నలుపు కావాలి. యంత్రం దగ్గర 40 లేదు, సున్నా ఉంది, నూరు ఉంది. సున్నా పెడుతుంది. మిగిలిన 40ని బాకీగా రాసుకుని పక్క చోట్లకు పంచుతుంది. కుడి పక్కకు 16లో 7 వంతులు, కింద ఎడమకు 3, సరిగ్గా కిందికి 5, కింద కుడికి 1. ఆ బాకీ కలిశాక పక్కది సగం దాటితే అక్కడ నల్ల చుక్క పడుతుంది. చివరికి మొత్తం మీద నలుపు పాలు సరిపోతుంది. పెద్ద గడులు లేవు కాబట్టి కనురెప్ప, మీసం, చీర అంచు స్పష్టంగా నిలుస్తాయి. ఒక్క ఇబ్బంది, లేత ఛాయల్లో చుక్కలు అక్కడక్కడ మెలికలు తిరిగిన వరసలుగా చేరతాయి.

మరి అన్ని ప్రింటర్లూ ఈ మూడోదే ఎందుకు వాడవు? కారణం టోనర్ స్వభావం. లేజర్ యంత్రంలో ఒంటరి చుక్క నిలకడగా పడదు. ఒకసారి పడుతుంది, ఇంకోసారి పడదు. పడితే తన కొలత కన్నా లావుగా పడుతుంది. నాలుగు చుక్కలు ఆనుకుని ఉంటే గట్టిగా నిలుస్తాయి. అందుకే లేజర్లు గుంపు చుక్కలనే నమ్ముకుంటాయి. ఇంక్‌జెట్ సంగతి వేరు. దాని బొట్టు కొన్ని పికోలీటర్లు మాత్రమే. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత చిన్న బొట్టును కోరిన చోట నమ్మకంగా వేయగలదు కాబట్టి ఇంక్‌జెట్‌కు చెదిరిన చుక్కలు బాగా కుదురుతాయి.

ఇంతవరకూ చెప్పింది లెక్క. అసలు ముఖాలు చెడిపోయేది ఈ లెక్క తప్పిన చోట.

యంత్రం 50 శాతం నలుపు పెట్టాననుకుంటుంది. కాగితం మీద అంతకన్నా ఎక్కువ పడుతుంది. టోనరైతే కరిగి అంచుల దగ్గర సాగుతుంది, ఇంకైతే కాగితంలో ఇంకి పాకుతుంది. పైగా కాగితం లోపలికి చొచ్చిన వెలుగు చుక్కల కింద చిక్కుకుని బయటికి రాదు. న్యూస్‌ప్రింట్ మీద 50 శాతం చుక్క చూపుకు 75 శాతం దాకా ముదురుతుంది. ఈ చుక్క ఉబ్బడం అన్ని ఛాయల్లోనూ ఒకేలా ఉండదు. బాగా లేత చోట తక్కువ. నడిమి ఛాయల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఇంకా ముదురు చోట చుక్కల మధ్య మిగిలిన కాస్త తెలుపు కూడా పూడిపోయి అంతా గడ్డకడుతుంది.

ఇప్పుడు మన ముఖాలు ఎక్కడున్నాయో ఆలోచించండి. చామనఛాయ ముఖం, ఎండలో సేద్యం చేసి నల్లబడ్డ ముఖం, నలుపు తెలుపు ఫోటోలో నడిమి ఛాయల్లోనూ, వాటి కిందున్న ముదురు ఛాయల్లోనూ పడతాయి. యంత్రం ఎక్కడ ఎక్కువ తప్పుతుందో సరిగ్గా అక్కడే. తెల్లటి చర్మం గలవాళ్ళ ముఖం లేత ఛాయల్లో ఉంటుంది కాబట్టి అదే ప్రింటర్ మీద వాళ్ళ ముఖం అంతగా చెడదు. ఒకప్పుడు కోడాక్ వాళ్ళు ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డులని పంపేవాళ్ళు. వాటి మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. ఆ ముఖం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టే అనుకునేవాళ్ళు. యంత్రానికి పక్షపాతం ఉండదు. దాన్ని ఎవరి ముఖం చూసి సరిచేశారన్న ప్రశ్న మాత్రం ఉంటుంది. మన ఊరి యంత్రాన్ని మన ముఖం చూసే సరిచేసుకోవాలి. నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఇదే.

దీనికి దగ్గరి అనుభవం ఒకటి కుప్పంలోనే ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ళ కార్యక్రమం ప్రారంభించింది. అందులో భాగంగా పొదుపు సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరా, వెంట తీసుకెళ్ళగల చిన్న ప్రింటర్, సూర్యరశ్మితో ఛార్జి అయ్యే ఏర్పాటు ఇచ్చి శిక్షణ ఇప్పించారు. కరెంటు సరిగ్గా లేని పల్లెల్లో కూడా వాళ్ళు గుర్తింపు కార్డుల ఫోటోలు, శుభకార్యాల ఫోటోలు తీసి అక్కడికక్కడే ప్రింటు తీసిచ్చారు, సంపాదన పెంచుకున్నారు. అవి రంగుల ప్రింట్లే. అయినా ఆ పద్ధతిలో మనకు పనికొచ్చే పాఠం ఉంది. ఫోటో తీసినవాళ్ళు, ప్రింటు తీసినవాళ్ళు, ఆ ప్రింటులో ఉన్న మనిషి, ముగ్గురూ ఒకే చోట ఉన్నారు. ప్రింటును ముఖం పక్కన పెట్టి చూసుకోవచ్చు. నల్లగా వస్తే అప్పుడే సరిచేసి ఇంకోటి తీయొచ్చు. ఇప్పుడు ఓటర్ల జాబితాలాంటివి ఎక్కడో ఒక చోట వేల పేజీలుగా ప్రింటవుతాయి. పోల్చి చూసే కన్ను అక్కడ ఉండదు. కాబట్టి ఆ జాగ్రత్త ఫోటో ఫైలు తయారయ్యే చోటే, అంటే మన ఊరి షాపులోనే జరగాలి.

ముదురు ఛాయల సంగతి ఇలా ఉంటే లేత ఛాయలకు ఇంకో రకం నష్టం. దీనికి పుంగనూరు ఆవును చూడాలి. మూడడుగులైనా నిండని ఎత్తు. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతూ వస్తున్నారు. వీటిలో తెల్లవీ, లేత బూడిద రంగువీ చాలా ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్ల ఆవును ఫోటో తీసి లేజర్ ప్రింటర్ మీద తీయండి. 64 చోట్ల గడిలో ఒక్క చుక్క పెడితే ఒకటిన్నర శాతం నలుపు. ఆ ఒంటరి చుక్కే నిలకడగా పడదని ఇందాక చెప్పుకున్నాం. ఫలితంగా ఆవు వీపు, మూపురం, పక్కటెముకల దగ్గరి సన్నని నీడలు ఉత్త కాగితమైపోతాయి. ఒంటి తీరు పోతుంది. బ్యాంకు అప్పుకో, బీమాకో, జాతి నమోదుకో పశువు ఫోటో జతచేసే రైతుకు ఇది చిన్న నష్టం కాదు. మందు తేలిక. ఉదయమో సాయంత్రమో పక్క నుంచి వెలుగు పడేటప్పుడు ఫోటో తీయాలి. ప్రింటు తీసే ముందు ఫైలులో అత్యంత లేత ఛాయను పూర్తి తెలుపుగా వదలకుండా నాలుగైదు శాతం నలుపు మీదికి తేవాలి.

మూడో ఉదాహరణ ప్రాణానికి సంబంధించినది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ పర్యవేక్షణలో 1915 నుంచి అక్కడ క్షయ శానిటోరియం నడిచింది. దక్షిణ భారతంలో క్షయ వైద్యానికి అది పెద్ద పేరు. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో వైద్యుడు వెతికేది కొన్నిసార్లు చాలా పలుచటి మసక, చుట్టుపక్కల కన్నా ఒక పిసరు తేడా ఉన్న ఛాయ. డిజిటల్ ఎక్స్‌రేలో 4096 మెట్ల దాకా ఛాయలు నమోదవుతాయి. దాన్ని మామూలు లేజర్ మీద తెల్ల కాగితానికి ఎక్కిస్తే 65 మెట్లు. ఆ పలుచటి మసక రెండు మెట్ల మధ్య పడి కనిపించకుండా పోవచ్చు. ఈ రోజుల్లో ఖర్చు తగ్గుతుందని ఎక్స్‌రేను కాగితం మీద ప్రింటు తీసివ్వడం చాలాచోట్ల చూస్తున్నాం. ఆ కాగితం గుర్తుకోసం ఉంచుకోండి. రెండో వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఫిల్ము గానీ, అసలు డిజిటల్ ఫైలు గానీ అడిగి తీసుకెళ్ళండి.

ఇక చూసే దూరం. మన కన్ను 30 సెంటీమీటర్ల దూరంలో మిల్లీమీటరులో సుమారు 9 శాతం ఉన్న ఎడాన్ని విడదీసి చూడగలదు. 75 గడుల స్క్రీనులో గడికీ గడికీ ఎడం మిల్లీమీటరులో మూడో వంతు. చేతిలో పట్టుకుని చూస్తే చుక్కలు తెలుస్తాయి, నాలుగడుగుల దూరం నుంచి తెలియవు. గోడకు తగిలించే పటానికి పెద్ద గడి పెట్టి ఎక్కువ ఛాయలు తీసుకోవడం లాభం. చేతిలో పట్టుకునే కార్డుకు ఛాయలు కాస్త తగ్గినా సన్నటి గడి మంచిది. ముందు ఎక్కడి నుంచి చూస్తారో అడిగి, తరువాతే సెట్టింగు పెట్టాలి.

ఇంట్లో అవ్వా తాతల పాత నలుపు తెలుపు ఫోటో ఉంటుంది. అసలు ప్రింటులో చుక్కలు ఉండవు. వెండి లవణాలతో వచ్చిన ఆ ఛాయ కంటికి ఎక్కడా తెగకుండా సాగుతుంది. దాన్ని పెద్దది చేయించాలనుకుంటే లేజర్ మీద వద్దు. ఇంక్‌జెట్ మీద, ఫోటో కాగితం మీద తీయించండి. మామూలు ఇంక్‌జెట్ బూడిదను మూడు రంగులు కలిపి తయారుచేస్తుంది కాబట్టి పచ్చగానో ఎర్రగానో జీర తగలొచ్చు. కొన్ని పెద్ద స్టూడియోల దగ్గర నలుపుతోపాటు లేత నలుపు, అతి లేత నలుపు ఇంకులున్న యంత్రాలుంటాయి. ఎప్సన్ 2005లో మూడు నలుపుల ఇంకు తెచ్చింది. అలాంటి యంత్రం లేత చోట నల్ల చుక్కలు ఎడంగా వేయడానికి బదులు లేత ఇంకునే దగ్గర దగ్గరగా వేస్తుంది కాబట్టి చుక్క అన్నది కంటికే తెలియదు. మీ పటానికి ఆ యంత్రం దొరికితే ఇంకో పది రూపాయలు పోయినా అక్కడికే వెళ్ళండి.

ఇప్పుడు షాపు నడిపేవాళ్ళకూ, అక్కడికి వెళ్ళేవాళ్ళకూ కలిపి కొన్ని మాటలు.

ఫైలు చేతిలో ఉంటే దాని నుంచే ప్రింటు తీయండి. జిరాక్సుకు జిరాక్సు తీయొద్దు. తీసిన ప్రతిసారీ చుక్క ఇంకాస్త ఉబ్బుతుంది, ముఖంలో ఇంకొన్ని ఛాయలు పోతాయి. కాపీయే తీయాల్సి వస్తే మిషన్ మీద ఫోటో అన్న మీట గానీ, టెక్స్ట్, ఫోటో కలిసిన మీట గానీ నొక్కమనండి. అడగకపోతే కొన్ని మిషన్లు టెక్స్ట్ మీదే ఉంటాయి.

టోనర్ పొదుపు సెట్టింగు అక్షరాలకు ఫరవాలేదు. అది చుక్కలను మధ్యమధ్యలో ఎగరగొడుతుంది. ఫోటో ఉన్న పేజీకి దాన్ని తీసేయండి.

ముఖం నల్లగా వస్తోందని బ్రైట్‌నెస్ పెంచితే నలుపు కూడా వెలిసిపోతుంది, జుట్టు బూడిదవుతుంది. దానికి బదులు ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్‌లోనో, కర్వ్స్‌లోనో నడిమి ఛాయలను మాత్రమే ఎత్తండి. నలుపు నలుపుగానే ఉంటుంది, బుగ్గ మీద వెలుగు తిరిగొస్తుంది.

దినపత్రికలో పడిన ఫోటోను స్కాన్ చేసి మళ్ళీ ప్రింటు తీస్తే పాత చుక్కలూ కొత్త చుక్కలూ తగాదాపడి గళ్ళు గళ్ళుగా చారలు వస్తాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అన్న సౌకర్యం ఉంటే వాడండి. అది పాత చుక్కలను కలిపేసి ఛాయగా మారుస్తుంది.

ఫోటో ఫైలును 1200 దాకా ఉబ్బించి పంపడం వల్ల లాభం లేదు. స్క్రీను 75 అయితే ఫైలు రిజల్యూషన్ దానికి రెండింతలు, అంటే 150 చాలు. సరే, భద్రం కోసం 300 పెట్టుకోండి. అంతకు మించి పంపినది గడిలో కలిసిపోతుంది.

చివరిగా షాపుల వాళ్ళకు ఒక విన్నపం. తెలుపు నుంచి నలుపు దాకా పదేసి శాతం చొప్పున పెంచుతూ పదకొండు పెట్టెల పట్టీ ఒకటి తయారుచేసి మీ యంత్రం మీద ప్రింటు తీయండి. ఎక్కడి నుంచి పెట్టెకూ పెట్టెకూ తేడా తెలియడం లేదో గుర్తుపెట్టుకోండి. చాలా యంత్రాల్లో 80, 90, 100 మూడూ ఒకే నలుపుగా వస్తాయి. అలా వస్తే మీ దగ్గరికొచ్చే ఫోటోల్లో ముదురు ఛాయలను అంత మేరకు పైకి జరిపే కర్వు ఒకటి తయారుచేసి దాచుకోండి. ఆ పట్టీ పక్కనే మన ఊరి ముఖాలు రెండు మూడు, ఒక చామనఛాయ, ఒక నలుపు, ఒక తెలుపు, వాళ్ళ అనుమతితో పెట్టుకోండి. టోనర్ మార్చినా, కాగితం మార్చినా ముందు ఆ పేజీ తీసి చూడండి. పది నిమిషాల పని. ఐటీఐల్లో, డీటీపీ నేర్పే సంస్థల్లో పిల్లలకు మొదటి వారంలోనే ఈ పాఠం చెప్పొచ్చు.

దరఖాస్తు మీద ఫోటో ఉండేది, చూసిన అధికారి ఈమె ఫలానా అని గుర్తుపట్టడానికి. గుర్తుపట్టలేకపోతే ఆ మనిషి ఇంకోసారి ఊరి నుంచి బస్సెక్కి రావాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి, పరీక్ష గది గుమ్మంలో నిలబడి తానే తానని చెప్పుకోవాలి. ముదురు ఛాయలో నాలుగు చుక్కలు తగ్గిస్తే తప్పే బాధ ఇది. ఈసారి షాపుకు వెళ్ళినప్పుడు ప్రింటు చేతిలోకి రాగానే మడతపెట్టకండి. ముఖం పక్కన పెట్టి చూడండి. కళ్ళు కనిపించకపోతే ఫోటో మీట నొక్కి, నడిమి ఛాయలు కాస్త ఎత్తి ఇంకోటి తీయమని అడగండి. అడగడం మీ హక్కు, తీసివ్వడం వాళ్ళకు చేతనైన పని.